సద్దిగిన్నెల బిడ్డముక్క

మా గ్యాంగుల నా అంత నోరున్నోడు ఇంకొకడు లేకుండె. గొప్పకు చెప్తలేను, మా బొగ్గుబాయి మీద ఎవ్వలనడిగినా ఇదే చెప్తరు. టబ్బులు టైముకు రాకపోతే మైనింగ్ సర్దార్‌తోని కొట్లాడేది నేనే. గేటు మీటింగుల మైకు గుంజుకొని మాట్లాడేది నేనే. గసువంటోన్ని ఒక్క మాట చెప్పకుంట ఏడాదిన్నర నోరు మూసుకున్న. ఆ ఒక్క మాట చెప్పనందుకు నా బిడ్డ పానం మీదికొచ్చింది. ఆ ముచ్చటనే రాస్తున్న.

గోదావరిఖనిల మాది రెండు గదుల క్వార్టర్. నేను కోల్ ఫిల్లర్‌ను, అంటే తట్టా, చెమ్మాసు అనే పార పట్టి కింద బొగ్గు టబ్బులకెత్తేటోన్ని. మా గ్యాంగుకు పెద్దమనిషి ఒక కాక. సొంత చిన్నాయిన గాదు, బాయిల వయసుల పెద్దోడు ఎవ్వడైనా కాకనే. ఆయన టింబర్‌మన్. మేం బొగ్గెత్తేటందుకు ముందుగాల పోయి, కప్పు మీద పడకుంట దుంగలు నిలబెట్టేటోడు. కర్రతోని కప్పును తట్టి, చప్పుడు విని, "ఇగ రాండ్రి" అంటేనే మేం కాలు పెడ్తుంటిమి. పదిహేనేండ్లు ఆయన చెవుల మీదనే బతికినం.

సద్ది టైముకు అందరం ఒక దుంగ మీద కూసునేది. అందరి టోపీ లైట్లు నడుమకు పెట్టి, అందరి గిన్నెలు ఒక్కదగ్గర తెరిచేది. ఎవ్వని సద్ది వాడే తినుడు మా దగ్గర లేదు. నా గిన్నెల నీ చెయ్యి, నీ గిన్నెల నా చెయ్యి. కాకనే అందరి కంటె ముందు తిని లేసేటోడు. చెయ్యి కడుక్కొని, పిల్లగాండ్లున్నోళ్ల గిన్నెలల్ల వాళ్ల రొట్టెలకెల్లి తలా ఒక ముక్క పెట్టి మూతలు బిగించేటోడు. దాన్ని మేం బిడ్డముక్క అంటుంటిమి.

మా కాలనీల పిల్లగాండ్లు బాపు డ్యూటీ దిగి వస్తే చాక్లెట్ల కోసం చూసేటోళ్లు గాదు. ఉరికొచ్చి సద్దిగిన్నె గుంజుకునేది. బాయిలకెల్లి మీదికొచ్చిన ముక్క తింటే పిల్లలకు దడుపు రాదని ముసలోళ్లు అంటుండె. నాకు గదంత ఎరుక లేదు. గిన్నె ఇంటికొచ్చిందంటే మనిషి ఇంటికొచ్చిండని ఒక్కటే ఎరుక. నా బిడ్డ గూడ నోట్ల పండ్లు రాకముందుకెల్లి ఆ ముక్క చప్పరించింది.

నా గిన్నెల ముక్క గోధుమ రొట్టెది. మా ఊర్ల నా చిన్నప్పుడు మూడు పూటలు జొన్న రొట్టెనే. నౌకరి దొరికినంక జొన్న రొట్టె పట్టుకొని బాయిల దిగితే ఇజ్జత్ ఏముంటదనుకున్న. అన్నం తీసుకపోతే కింద ఉడుకపోతకు పులిసిపోతది. అందుకని నా పెండ్లాం పొద్దుగాల్నే లేసి నూనె రాసి మెత్తటి చపాతీలు చేసేది. నేను గిన్నె తెరిస్తె గ్యాంగు మొత్తం ఇటు చూసేది. నాకు మస్తు గర్వమనిపిస్తుండె.

బిడ్డకు నాలుగో ఏడు పడ్డంక కథ మారింది. కడుపు ఉబ్బింది, కాళ్లు చేతులు పుల్లలైనయి. తిన్నది తిన్నట్టు బయటికి పోవుడే. నోట్ల పుండ్లు, ముఖం తెల్లగ పాలిపోవుడు. ఆరేండ్లొచ్చినా నాలుగేండ్ల పిల్ల గౌనే సరిపోతుండె. ఒకరు నులిపురుగులన్నరు, ఒకరు దిష్టన్నరు. బొగ్గు దుమ్మని మాత్రం అందరన్నరు. మా దిక్కు తుమ్మినా దగ్గినా ముందుగాల దుమ్మునే తిడ్తరు గద. పురుగుల మందు తాపినం, రక్తం టానిక్కులు తాపినం, తాయెత్తు కట్టినం. రెండుసార్లు దవాఖానల పెట్టినం.

దవాఖానల ఉన్నోళ్లను చూడబోతే బ్రెడ్డు పాకెట్ పట్టుకపోవాలె, ఇది మా దిక్కు రివాజు. ఒట్టి చేతులతోని పోతే పాపమనుకుంటరు. నా బిడ్డకు కాలనీ మొత్తం కదిలొచ్చింది. మంచం పక్క కిటికీల బ్రెడ్డు పాకెట్లు దొంతర్లు దొంతర్లు. పాలల్ల నానబెట్టి, చక్కెరేసి, "తిను బిడ్డా, బలమొస్తది" అని మేమే తినిపించినం. అది మూతి తిప్పుకునేది. ఒకనాడు నాకు కోపమొచ్చి చెంప మీద ఒక్కటి కొట్టిన. ఏడ్సుకుంట తిన్నది. ఇప్పుడు గుర్తుకొస్తె నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తది.

ఇక్కడి డాక్టర్లు చెయ్యగలిగింది చేసి, ఇది ఏందో పెద్ద దవాఖానల చూపెట్టాలని హైదరాబాద్‌కు రాసిన్లు. అక్కడ ఒక పెద్ద వయసు డాక్టరమ్మ. పిల్ల కడుపు నొక్కి చూసి ఒక్కటే అడిగింది, "పొద్దున్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తింటుందమ్మా?" అని. నా పెండ్లాం చేతి ఏళ్ల మీద లెక్కపెట్టుకుంట చెప్పింది. పాలల్ల బ్రెడ్డు, ఉప్మా, బిస్కట్లు, మాపటికి బాపు తెచ్చే చపాతి ముక్క. డాక్టరమ్మ పెన్ను పక్కకు పెట్టింది. రక్తం పరీక్ష చేపిచ్చింది. తర్వాత నోట్లకెల్లి గొట్టమేసి పేగుల నుంచి గింజంత ముక్క తీపిచ్చింది.

సీలియాక్ అన్నది. గోధుమలు పడవన్నది.

నేనూకుంటనా? "అదేంది మేడం, సగం దేశం గోధుమలు తినే బతుకుతున్నది గద" అన్న.

ఆమె నవ్వింది. "మన ఒంట్లో ఒక కాపలావాడు ఉంటాడయ్యా, రోగాలొస్తే తరిమేటోడు. మీ పాపకు గోధుమ లోపలికి పోయిందంటే చాలు, వాడు తిక్కరేగి సొంత పేగునే కొడుతున్నాడు. పేగు దెబ్బతింటే తిన్నది ఒంటికి పట్టదు."

"మా బొగ్గు దుమ్ము తోనా?"

"దుమ్ముకు దీనికి సంబంధం లేదు. పుట్టుకతో కొంత వస్తుంది. మిగతాది ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు. ఇదొక్కటే కాదు, ఒంటి కాపలావాడు ఎదురు తిరిగే జబ్బులు, పడకపోవడాలు లోకమంతటా పెరుగుతున్నాయి. పిల్లలు మట్టికి, పశువులకు దూరమై మరీ శుభ్రంగా పెరుగుతున్నారు, అందుకేనేమో అని కొందరంటారు."

అంత బాధల గూడ నాకు నవ్వొచ్చింది. "మేడం, మా ఇంట్ల పెరుగు మీద మీగడ కంటె ముందు బొగ్గు పొర కడ్తది. మాకు శుభ్రమెక్కడిది?" అన్న. ఆమె గూడ నవ్వి, "అందుకే తెలియదు అన్నాను" అన్నది. తెల్వదని అంత ధైర్యంగ చెప్పిన డాక్టర్‌ను నేను గదే మొదటిసారి చూసుడు. ఆ ఒక్క మాటతోని ఆమె మీద నమ్మకం కుదిరింది.

మందు లేదన్నది. బతికినన్ని దినాలు గోధుమ ముట్టద్దు, చిటికెడు పిండి గూడ వద్దు. పిండి గిర్నిల గోధుమలు పట్టిన రాయి మీదనే జొన్నలు పట్టిస్తరు గద, అది గూడ పనికి రాదన్నది. ఇవన్ని పాటిస్తె మాత్రం అందరి పిల్లల లెక్కనే పెరుగుతదన్నది.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల నేనే అన్న, "ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పద్దు" అని. నా పెండ్లాం నా దిక్కు చూసింది. "ఎందుకు?" అన్నది. "ఆడపిల్ల. బతికినన్ని దినాలు పోని జబ్బంటే లోకం ఏమంటదో ఎరుక లేదా? నేను చెప్తున్న, చెప్పద్దంతే." నిజం చెప్పాలంటే బిడ్డ లగ్గం గురించి అంత ఫికర్ లేకుండె నాకు. నలుగురి ముంగట ఛాతి విరుచుకొని తిరిగేటోన్ని చూసి "అయ్యో పాపం" అంటరని నా భయం. గదీ అసలు రోగం.

ఊర్లకెల్లి మా అవ్వను, అంటే మా అమ్మను, తోలుకొచ్చిన. ఆమె తోటి ఇసుర్రాయిని గూడ తెచ్చిన. బస్సు మీదికి ఎక్కిచ్చేటందుకు ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది. అవ్వ జొన్నలు ఇసురుకుంట నన్ను ఆటపట్టిచ్చేది. "నౌకరొచ్చినంక జొన్న రొట్టె నీ గొంతుల దిగకపోయె కదరా, ఇప్పుడెట్ల దిగుతున్నదిరా సారూ?" అని. ఇంట్ల గోధుమ పిండి మొత్తం బంద్. నా సద్ది గూడ జొన్న రొట్టెనే.

మొదటిరోజు బాయిల గిన్నె తెరువంగనే అందరు గొల్లుమన్నరు. "ఏందిరా, షుగరొచ్చిందా?" అని ఒకడన్నడు. నాకు మంచి దారి దొరికినట్టయింది. "ఆ, షుగరే" అన్న.

ఆ అబద్ధం ఆడినంక నా బాధ చూడాలె. కాక నాకు కాపలా పడ్డడు. క్యాంటీన్ల నేను చాయ తాగబోతే గ్లాసు గుంజుకొని, "చక్కెర లేకుంట పొయ్యి వీనికి" అని అరిచేటోడు. ఎవ్వలింట్ల పెండ్లయినా లడ్డు నా దాక రానియ్యకపోయేది. బిడ్డకు రోగం, నాకు పత్తెం. ఏడాదిన్నర చక్కెర లేని చాయ తాగిన నేను.

మొదటి ఏడాదంత బిడ్డముక్కనే వద్దన్న, ఎందుకొచ్చిన బాధని. బిడ్డ గిన్నె తెరిచి, ఖాళీగ ఉంటే మూల పోయి కూసునేది. అయినా దాని ఒళ్లు మారింది. కడుపు దిగింది, బుగ్గలొచ్చినయి, గౌను పొట్టిగైంది. మళ్ల హైదరాబాద్ పోతే డాక్టరమ్మ వీపు మీద తట్టి శభాష్ అన్నది. నా పానం లేసొచ్చింది. ఇగ జొన్న రొట్టె ముక్కనే గిన్నెల ఉంచుడు మొదలుపెట్టిన. బిడ్డ మళ్ల గుమ్మంల ఎదురుచూసుడు మొదలుపెట్టింది.

గంతే, రెండు మూడు నెలలు తిరిగేసరికి మళ్ల కడుపు ఉబ్బుడు షురువైంది. మళ్ల నోట్ల పుండ్లు, మళ్ల అదే నీళ్ల విరేచనాలు. బడిల కూసోలేక పండుకుంటున్నదని టీచరమ్మ కబురు పంపింది. మేం కిందమీదైనం. మా అవ్వ కోడల్ని అనుమానించింది, కోడలు అవ్వను అనుమానించింది. నేనైతే అందరిని అనుమానించిన. పక్క క్వార్టర్ అక్క అప్పుడప్పుడు బిడ్డను ఎత్తుకొని ఆడిచ్చేది. ఆమె ఇంటి ముంగటికి పోయి, "నా పిల్లకు ఏం తినపెడుతున్నవ్? నిన్నెవ్వలు పెట్టమన్నరు?" అని గల్లంత వినపడేటట్టు లొల్లి చేసిన. ఆమెకు ఏం అర్థం కాలే. "నీ పిల్ల మీద ఒట్టు తమ్మీ, నీళ్లు తప్ప ఏం ఇయ్యలే" అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. జబ్బేందో చెప్పకుంట తప్పు మాత్రం ఆమె నెత్తిన పెట్టిన.

హైదరాబాద్‌ల మళ్ల రక్తం చూసి డాక్టరమ్మ ముఖం మాడ్చుకున్నది. "ఎక్కడినుంచో గోధుమ రోజూ లోపలికి పోతోంది. వెతుకు. ఇట్లాగే పోతే పిల్ల నిలవదు" అన్నది. ఇంటికొచ్చి డబ్బాలన్ని ఎతికినం, గోధుమ పిండి నలుసు గూడ దొరకలే.

రోజు డ్యూటీ దిగొచ్చి గిన్నె బిడ్డ చేతికిచ్చి నేను సీదా స్నానానికి పోయేది. ఆనాడు నల్లా రాలే. గుమ్మంల కూసొని బూట్లు విప్పుకుంటున్న. బిడ్డ నా పక్కనే కూసొని మూత తీసింది. లోపల రెండు ముక్కలున్నయి. ఒకటి మా జొన్న రొట్టెది. ఇంకొకటి తెల్లగ, నూనెతోని మెరుసుకుంట, మడత పెట్టిన చపాతి ముక్క.

"ఏందే అది?"

"బిడ్డముక్క బాపు."

"ఎవ్వలు పెట్టిన్లు?"

"నువ్వే గద? రోజు రెండుంటయి."

"గోధుమది ముట్టద్దని నీకు ఎరుక లేదా? ఎన్నిసార్లు చెప్పినమే?"

అది నా ముఖం చూసి బెదిరింది. "బాయిలకెల్లి వచ్చింది గద బాపు. నువ్వు తెచ్చింది తింటే ఏం గాదనుకున్న" అన్నది.

నేను ఏడ్సిన. బొగ్గు ముఖం మీద నీళ్లు కారుతుంటే బిడ్డ తన చిన్న చేతులతోని తుడిచింది.

నాకు సమజైంది. మూతలు బిగించేది కాక. ఆయన నా గిన్నెల జొన్న ముక్క చూసిండు. షుగరోని రొట్టె పసిపిల్ల ఎందుకు తినాలె అనుకున్నడు. తన చపాతీల నుంచి మెత్తటి ముక్క తీసి, నాకు చెప్పకుంట, రోజు పెట్టిండు. ఆయన ప్రేమతోని పెట్టిండు, నేను అబద్ధంతోని పెట్టిపిచ్చిన. పక్కింటక్క మీద, అవ్వ మీద, పెండ్లాం మీద అరిచిన కదా, ఆ అరిచిన నోరే దొంగ.

తెల్లారి మొదటి షిఫ్టు. బాయిల దిగేటప్పుడు చెప్పుదామనుకున్న, నోరు రాలే. టబ్బులు నింపేటప్పుడు చెప్పుదామనుకున్న, రాలే. సద్దికి కూసున్నం, తిన్నం. కాక లేసి చెయ్యి కడుక్కొని, చపాతి ముక్క మడత పెట్టి నా గిన్నె దిక్కు వంగిండు. నేను గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టిన.

"వద్దు కాకా."

"తియ్‌రా చెయ్యి. నీకు షుగరైతే పిల్ల నోరు కట్టేస్తవా?"

"నాకు షుగరు లేదు కాకా. నా బిడ్డకు గోధుమ పడది. అది తింటే పేగు కాలిపోతది. మందు లేదు. బతికినన్ని దినాలు గింతే."

లైట్లన్ని నా ముఖం మీదున్నయి. కాక చేతుల ఆ ముక్క అట్లనే ఉన్నది.

"నేను ఎన్ని దినాల సంది పెడుతున్నరా?"

"ఆరు నెలలైతది."

"నీకెప్పటి సంది ఎరుక, రోగం?"

"ఏడాదిన్నర."

ఆయన నన్ను తిట్టలే. తిట్టినా మంచిగుండేది. "నెత్తి మీద కప్పు చిటుక్కుమంటే, నాకు చెప్తవా చెప్పవా?" అన్నడు.

"చెప్త కాకా."

"మరిదెందుకు చెప్పలేరా?"

బాయిల మాకు ఒక్కటే కానూను. కప్పు చప్పుడు విన్నోడు ఊకోవద్దు, చిన్నోడైనా పెద్దోడైనా అరవాలె. ఊకున్నోని వల్ల పక్కోడు పోతడు. నేను పదిహేనేండ్లు బాయిల పనిచేసి ఇంట్ల ఆ కానూను మరిచిన.

కాక ఆ ముక్కను కాగితంల చుట్టి జేబుల పెట్టుకున్నడు. పెట్టిన తప్పు ఆయనది గాదని ఎన్నిసార్లు చెప్పినా తల ఆడిచ్చిండు గని వినలే.

ఆ మాపటికే కాలనీకి తెలిసింది. నేను భయపడ్డది గదే కద. పక్కింటక్క వచ్చింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూసున్న, "తప్పైంది అక్కా" అన్న. ఆమె నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, "నాక్కూడ చెప్పకపోతివి కదరా" అని, ఇంట్లకు పోయి ఒక చిన్న గొట్టం తెచ్చి చూపెట్టింది. తన బిడ్డకు ఆయాసమొస్తే పీల్చే మందంట. నాలుగేండ్ల సంది బియ్యం డబ్బాల దాచి పెడుతున్నదంట. తర్వాత వారం దినాలకు ఇంకొకామె వచ్చి పొద్దుగాల చేతి ఏళ్లు ముడుచుకొని విప్పరావని, అది ఉత్త కీళ్లనొప్పి గాదు, ఒళ్లు ఒంటినే కొట్టే జబ్బని డాక్టర్లన్నరని చెప్పింది. ఒక్క గల్లిల ఇన్ని. మా చిన్నప్పుడు ఊరు మొత్తం తిరిగినా ఇవి వినలే. అప్పుడు లేకుండెనో, ఉన్నా పేరు తెల్వకుండెనో నాకెరుక లేదు. పెరుగుతున్నయని మాత్రం నా కండ్లతోని చూస్తున్న. మేం దాచుడు గూడ అంతే పెరిగింది.

కాక ఆ తెల్లారి సద్దికి చపాతి తేలే. అన్నం తెచ్చుకున్నడు, పులిసిపోయింది, అదే తిన్నడు. మూడో రోజు మా ఇంటికొచ్చి అవ్వ ముంగట కూసొని, "అక్కా, ఆ రాయి నాకు తిప్పొస్తదా?" అన్నడు. దుంగలు మోసిన చేతులాయె, అవ్వ రెండు గంటలల్ల ఇసిరేది ఆయన అరగంటల ఇసిరిండు. పొట్టు జల్లుడు మాత్రం రాలే, ఒళ్లంత పిండే. నా బిడ్డ పడి పడి నవ్వింది. నెల తిరుగకముందే గ్యాంగుల అందరి గిన్నెలల్ల జొన్న రొట్టెలైనయి. "పెండ్లాలు తిడుతున్నరు, చేతులు కాలుతున్నయంట" అని మొత్తుకుంట తెచ్చిన్లు గని, చపాతి మాత్రం మళ్ల ఎవ్వడు తేలే. బిడ్డ ఒళ్లు మళ్ల పట్టుకున్నది. డాక్టరమ్మ చెప్పిన మాట నిలిచింది.

తెలంగాణ వచ్చిన ఏడే కాక రిటైరైండు. ఆఖరి షిఫ్టు దిగినోన్ని గేటుకాడ దండలేసి, డప్పులు కొట్టుకుంట ఇంటిదాక తోలుకపోవుడు మా దగ్గర రివాజు. ఆయన తన ఇంటికి పోకుంట జనం మొత్తాన్ని మా క్వార్టర్ దిక్కు మలిపిండు. బొగ్గు ముఖం మీద గులాల్, మెడ నిండ దండలు. నా బిడ్డ గుమ్మంల నిలబడ్డది. అప్పటికి వాళ్లమ్మ కంటె ఎత్తు. కాక తన సద్దిగిన్నె దాని చేతుల పెట్టిండు.

"ఇగ నాకు బాయి లేదు బిడ్డా. ఇది ఆఖరి ముక్క. తిను" అన్నడు.

డప్పులాగినయి. బిడ్డ మూత తీసింది. ఒక రొట్టె ముక్క ఉన్నది. తీసి నోటిదాక తెచ్చి ఆగింది. అంత జనం చూస్తుంటే, కాక కండ్లల్లకు చూసుకుంట, గట్టిగ అడిగింది.

"తాతా, ఇది ఏ పిండి? గిర్నిల పట్టిచ్చిందా, రాయి మీద ఇసిరిందా?"

పెద్దమనిషిని అందరి ముంగట గట్ల అడుగుతదా అనుకున్న. కాక మాత్రం నా దిక్కు తిరిగి చూసిండు. ఆయన ముఖం వెలిగింది.

"చూసినవారా? నోరంటే గట్లుండాలె" అన్నడు. మళ్ల దాని దిక్కు తిరిగి, "జొన్నదే తల్లీ. మీ నాయినమ్మ రాయి మీద నిన్న నేనే ఇసిరిన" అన్నడు.

అప్పుడు తిన్నది.